ఫైళ్లు పోలేదు, విండోస్ దారి తప్పింది: యూజర్ ప్రొఫైల్ తప్పు ఫోల్డర్‌ను చూపిస్తే ఏం చేయాలి?

కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. పాస్‌వర్డ్ కూడా తీసుకుంటుంది. కానీ తెర మీద మీరు పెట్టుకున్న ఫొటో ఉండదు. డెస్క్‌టాప్ మీద ఫైళ్లు ఒక్కటీ కనిపించవు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీ. బ్రౌజర్ తెరిస్తే బుక్‌మార్కులు లేవు. నాలుగేళ్లుగా వాడుతున్న కంప్యూటర్ ఇవాళే కొన్నట్టు కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన ‘అన్నీ పోయాయి’ అనే. నిజానికి చాలా సందర్భాల్లో ఏమీ పోవు. ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో ఉన్నచోటే ఉంటాయి. విండోస్ మాత్రం మీ ఫోల్డర్‌కు వెళ్లకుండా మరో ఫోల్డర్‌ను తెరిచి చూపిస్తుంటుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. కంగారులో అకౌంట్ తీసేయడం, కనిపించిన ఫోల్డర్లను డిలీట్ చేయడం, దగ్గర్లోని షాపుకు తీసుకెళ్తే వాళ్లు ‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’ అనడం, మనం సరే అనడం. తప్పిన దారిని సరిచేయడానికి పట్టేది అరగంట. ఫార్మాట్ అయిన డిస్క్ నుంచి ఫైళ్లను వెనక్కి తేవడానికి మాత్రం ఎంత ఖర్చు పెట్టినా హామీ లేదు.

అందుకే, విండోస్ దారి ఎలా తప్పుతుంది, ఎన్ని రకాలుగా తప్పుతుంది, ఏ రకానికి ఏం చేయాలి అన్నది తెలుసుకోవడం అవసరం. కింద తెలుగు లిపిలో రాసిన మెనూ పేర్లు, ఫైళ్ల పేర్లు మీ తెర మీద ఇంగ్లిష్‌లో కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

పేరు వేరు, నంబరు వేరు, ఫోల్డర్ వేరు

లాగిన్ తెర మీద కనిపించే పేరుతోనే విండోస్ మనల్ని గుర్తుపడుతుందని అనుకుంటాం. అది నిజం కాదు. అకౌంట్ సృష్టించినప్పుడే దానికి ఒక పొడవైన గుర్తింపు సంఖ్య వస్తుంది. దాన్ని సెక్యూరిటీ ఐడెంటిఫయర్, క్లుప్తంగా ‘సిడ్’ అంటారు. అది ‘ఎస్-1-5-21’ అని మొదలై, మధ్యలో మూడు పెద్ద అంకెల గుంపులతో, చివర 1001, 1002 లాంటి సంఖ్యతో ముగుస్తుంది. మీరు పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా ఈ సంఖ్య మారదు. అకౌంట్ తీసేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే మాత్రం కొత్త సంఖ్య వస్తుంది. అంటే విండోస్ దృష్టిలో మీరు కొత్త మనిషి.

రెండోది ఫోల్డర్. విండోస్ విస్టా నుంచి సి డ్రైవ్‌లోని ‘యూజర్స్’ అనే ఫోల్డర్‌లో ఒక్కో యూజర్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటోంది. అంతకుముందు ఎక్స్‌పీ కాలంలో ఇది ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ పేరుతో ఉండేది. మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ ఇందులోవే. ‘యాప్‌డేటా’ అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లో ప్రోగ్రామ్‌ల సెట్టింగులు ఉంటాయి. ‘ఎన్‌టీయూజర్ డాట్ డాట్’ అనే పేరున్న మరో రహస్య ఫైలులో మీ వ్యక్తిగత సెట్టింగులన్నీ ఉంటాయి. ఆ పేరులో మొదటి ‘డాట్’ చుక్క, రెండోది డీ, ఏ, టీ అనే అక్షరాలు. మీరు లాగిన్ అయినప్పుడల్లా విండోస్ ముందుగా తెరిచేది ఈ ఫైలునే.

సంఖ్యకూ ఫోల్డర్‌కూ ముడి వేసేది మూడోది. విండోస్ రిజిస్ట్రీలో ‘ప్రొఫైల్‌లిస్ట్’ అనే చోట ఒక్కో సిడ్ పేరుతో ఒక్కో పద్దు ఉంటుంది. ఆ పద్దులో ‘ప్రొఫైల్‌ఇమేజ్‌పాత్’ అనే ఒకే ఒక్క వరుస, ఈ సంఖ్య గల మనిషి ఫోల్డర్ ఎక్కడుందో చెబుతుంది. మీ పదేళ్ల పనికీ మీకూ మధ్య ఉన్న లంకె అదే. ఆ వరుస తప్పయినా, ఆ పద్దు పేరు మారినా, విండోస్ మీ ఫోల్డర్‌ను వదిలేసి ఇంకెక్కడికో వెళ్తుంది.

దారి ఎందుకు తప్పుతుంది?

ఎక్కువగా కనిపించే కారణం, లాగిన్ సమయంలో ఎన్‌టీయూజర్ ఫైలు తెరుచుకోకపోవడం. కరెంటు ఉన్నట్టుండి పోయి ఆ ఫైలు దెబ్బతినవచ్చు. డిస్క్ పాడైపోతూ ఉండవచ్చు. అదే క్షణంలో మరో ప్రోగ్రామ్ ఆ ఫైలును పట్టుకుని ఉండవచ్చు. అప్పుడు విండోస్ ‘టెంప్’ అనే తాత్కాలిక ఫోల్డర్‌ను సృష్టించి మిమ్మల్ని అందులోకి పంపుతుంది. మీ అసలు పద్దు పేరు చివర చుక్క పెట్టి బీ, ఏ, కే అనే మూడు అక్షరాలు తగిలించి పక్కన పెడుతుంది. బ్యాకప్ అని దాని అర్థం.

రెండో కారణం అప్‌డేట్లు. 2020 ఫిబ్రవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ4532693 అనే అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ ఖాళీ అయిపోయిందని అనేకమంది ఫిర్యాదు చేశారు. వాళ్లలో చాలామందికి తమ ఫైళ్లు యూజర్స్ ఫోల్డర్‌లోనే దొరికాయి. ఫోల్డర్ పేరు చివర మాత్రం ‘.000’ అనో, బ్యాక్ అనో చేరి ఉంది.

మూడోది, అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టడం, లేదా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. పాత ఫోల్డర్ అక్కడే ఉండగా అదే పేరుతో కొత్త అకౌంట్ లాగిన్ అయితే, విండోస్ పాతదాన్ని ముట్టుకోదు. మీ పేరు, చుక్క, కంప్యూటర్ పేరు కలిపి ఇంకో ఫోల్డర్ తయారు చేస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి, విండోస్ 11కు మారే ప్రయత్నంలో ఈ పరిస్థితి ఎదురయ్యేవాళ్లు తక్కువేమీ కాదు.

నాలుగోది, ప్రొఫైల్ సరిగ్గానే ఉండి, డెస్క్‌టాప్ లేదా డాక్యుమెంట్స్ ఒక్కటే వేరే చోటును చూపించడం. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేసినప్పుడు ఇది సర్వసాధారణం.

ముందుగా చేయకూడనివి

తాత్కాలిక ప్రొఫైల్‌లో ఏ పనీ మొదలుపెట్టకండి. దాని నుంచి సైన్ అవుట్ కాగానే అందులో సేవ్ చేసినదంతా చెరిగిపోతుంది. ‘వుయ్ కాంట్ సైన్ ఇన్ టు యువర్ అకౌంట్’ అని వచ్చే సందేశంలోనే ఈ హెచ్చరిక ఉంటుంది. చాలామంది చదవకుండా దాన్ని మూసేస్తారు. ఆ రోజంతా టైప్ చేసిన ఉత్తరం సాయంత్రానికి ఉండదు.

యూజర్స్ ఫోల్డర్‌లో ‘పాతది’ అనిపించిన దేన్నీ డిలీట్ చేయకండి. మీ అకౌంట్‌ను తీసేయకండి. తీసేస్తే సిడ్ పోతుంది. సిడ్ పోతే దానితో ముడిపడినవన్నీ పోతాయి. షాపుకు ఇవ్వాల్సి వస్తే ‘ఫైళ్లు కాపీ చేసి నాకు చూపించేదాకా ఫార్మాట్ చేయొద్దు’ అని స్పష్టంగా చెప్పండి. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. డిస్క్‌ను విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ లేకుండా అది తెరుచుకోదు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. రిపేరు మొదలుకాకముందే దాన్ని రాసి పెట్టుకోండి.

చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. అవసరమైతే రెండుమూడుసార్లు. ఫైలును వేరే ప్రోగ్రామ్ పట్టుకోవడమే కారణమైతే సమస్య అక్కడితో తీరిపోవచ్చు.

ఏ రకం సమస్యో తేల్చుకోండి

రీస్టార్ట్‌తో సరికాకపోతే మూడు సంగతులు చూడాలి.

మొదటిది, విండోస్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉంది? ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రస్ గడిలో ‘యూజర్‌ప్రొఫైల్’ అనే మాటను ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా రాసి, దానికి ముందు ఒకటి, వెనక ఒకటి శాతం గుర్తు పెట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్ పేరు చూడండి. అది టెంప్ అయితే మీరున్నది తాత్కాలిక ప్రొఫైల్. మీ పేరు చివర చుక్క, మరేదో ఉంటే అది కొత్తగా పుట్టిన ఫోల్డర్. మీ మామూలు ఫోల్డరే అయితే సమస్య ప్రొఫైల్‌లో కాదు, డెస్క్‌టాప్ లాంటి లోపలి ఫోల్డర్ల దారిలో ఉంది.

ఒక సందేహం ఇక్కడే తీర్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టిన వారికి ఫోల్డర్ పేరు సాధారణంగా ఈమెయిల్‌లోని మొదటి అయిదు అక్షరాలే ఉంటుంది. పేరు సగమే కనిపించినంత మాత్రాన అది తప్పు ఫోల్డర్ కాదు.

రెండోది, మీ సిడ్ ఏది? కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘హూ యామ్ ఐ’ అనే మూడు ఇంగ్లిష్ మాటలను ఖాళీలు లేకుండా కలిపి రాయండి. ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, ‘యూజర్’ అని రాసి ఎంటర్ కొట్టండి. వచ్చిన సంఖ్యను ఫొటో తీసి ఉంచండి.

మూడోది, పాత ఫోల్డర్ ఎవరిది? యూజర్స్‌లో మీ పాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూడండి. అక్కడి జాబితాలో మీ పేరు ఉంటే ఆ ఫోల్డర్ మీ ప్రస్తుత సిడ్‌దే. పేరుకు బదులు ‘అన్‌నోన్ అకౌంట్’ అనో, ఉత్త అంకెల వరుసో కనిపిస్తే అది మీ పాత, ఇప్పుడు లేని అకౌంట్‌ది. ఏ మందు వేయాలో నిర్ణయించేది ఈ తేడాయే.

రుజువు కావాలనుకునేవారు ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ భాగం చూడవచ్చు. అక్కడ 1511 అనే సంఖ్యతో నమోదు ఉంటే, విండోస్ మీ ప్రొఫైల్ దొరక్క తాత్కాలికదాన్ని ఇచ్చిందని అర్థం. 1515 ఉంటే మీ పద్దును బ్యాకప్‌గా పక్కన పెట్టిందని అర్థం.

సిడ్ అదే అయితే: రిజిస్ట్రీలో దిద్దుబాటు

రిజిస్ట్రీని ముట్టుకునే ముందు రెండు జాగ్రత్తలు. పాత ఫోల్డర్‌లోని ముఖ్యమైన ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే చేయండి. అనుమతి లేదని అడిగితే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ‘కంటిన్యూ’ నొక్కితే చాలావరకు తెరుచుకుంటుంది. రెండోది, ఈ పని అదే అకౌంట్‌లో ఉండి కాకుండా, అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న మరో అకౌంట్ నుంచి చేయండి. అలాంటిది లేకపోతే సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో ఒకటి సృష్టించుకోండి. ఆ తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, నేరుగా ఆ రెండో అకౌంట్‌లోకే వెళ్లండి.

స్టార్ట్ మెనూలో రిజిస్ట్రీ ఎడిటర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు ‘హెచ్‌కీ లోకల్ మెషీన్’ కింద సాఫ్ట్‌వేర్, దాని కింద మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్‌వెర్షన్, చివరగా ప్రొఫైల్‌లిస్ట్ వరకు వెళ్లండి. దారిలో ‘విండోస్’, ‘విండోస్ ఎన్‌టీ’ అని రెండు ఉంటాయి. మనకు కావాల్సింది రెండోది. ప్రొఫైల్‌లిస్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా ఒక కాపీ తీసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే వెనక్కి తెచ్చుకోవడానికి అదే ఆధారం.

ఇప్పుడు కింద ఉన్న పద్దులు చూడండి. 18, 19, 20తో ముగిసే పొట్టి పద్దులు విండోస్ సొంతానివి, వాటి జోలికి వెళ్లొద్దు. మీ సిడ్‌తో ఉన్న పద్దును వెతకండి. అక్కడ కనిపించేది మూడు రకాల్లో ఒకటి అవుతుంది.

ఒకే సిడ్‌తో రెండు పద్దులుండి, ఒకదాని చివర బ్యాక్ అని ఉంటే, బ్యాక్ ఉన్నదే మీ అసలు పద్దు. రెండింటినీ ఒక్కొక్కటిగా నొక్కి ప్రొఫైల్‌ఇమేజ్‌పాత్ చూసి నిర్ధారించుకోండి. ఒకటి మీ ఫోల్డర్‌ను, ఇంకొకటి టెంప్‌ను చూపిస్తుంటాయి. ముందుగా బ్యాక్ లేనిదాని పేరు చివర చుక్క, ‘ఓల్డ్’ అని చేర్చండి. తర్వాత అసలు పద్దు పేరు నుంచి చుక్కతో సహా బ్యాక్ అన్నది తీసేయండి. ఈ వరుస ముఖ్యం. ఒకే పేరుతో రెండు పద్దులను రిజిస్ట్రీ ఒప్పుకోదు.

బ్యాక్ ఉన్న పద్దు ఒక్కటే ఉంటే, ఆ బ్యాక్ తీసేస్తే చాలు.

బ్యాక్ లేని పద్దు ఒక్కటే ఉండి, అందులోని ప్రొఫైల్‌ఇమేజ్‌పాత్ వేరే ఫోల్డర్‌ను చూపిస్తుంటే, దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి సరైన ఫోల్డర్ దారి రాయండి. రాసే ముందు ఆ ఫోల్డర్‌లో ఎన్‌టీయూజర్ ఫైలు నిజంగా ఉందో లేదో చూసుకోండి. దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా ఎక్స్‌ప్లోరర్ సెట్టింగ్ మారిస్తేనే అది కనిపిస్తుంది. దారిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా విండోస్ మళ్లీ దారి తప్పుతుంది. కాబట్టి టైప్ చేయడం కంటే అడ్రస్ గడి నుంచి కాపీ చేసుకోవడం మేలు.

చివరగా, సరిచేసిన పద్దులో ‘స్టేట్’, ‘రెఫ్‌కౌంట్’ అనే వరుసలుంటే వాటి విలువ 0 చేయండి. రెఫ్‌కౌంట్ లేకపోతే కొత్తగా పెట్టనక్కర్లేదు. రీస్టార్ట్ చేసి మీ అకౌంట్‌లోకి వెళ్లండి. పాత తెర కనిపిస్తే పని అయినట్టే. మళ్లీ టెంప్‌లోకే వెళ్తే, ఎన్‌టీయూజర్ ఫైలు దెబ్బతిన్నదని అనుకోవాలి. అప్పుడు కింద చెప్పిన రెండో దారే మిగిలింది.

ఆఫీసు కంప్యూటర్ అయితే ఇదంతా మీరు చేయకండి. అక్కడ ప్రొఫైల్ సర్వర్ నుంచి రావచ్చు. డాక్యుమెంట్స్ దారిని సంస్థే నిర్ణయించి ఉండవచ్చు. ఐటీ విభాగానికి చెప్పడమే సరైన పని.

సిడ్ మారిపోతే: ఫైళ్లను తెచ్చుకోవాలి, ఫోల్డర్‌ను కాదు

అకౌంట్ కొత్తదైతే, రిజిస్ట్రీలో దారి మార్చి పాత ఫోల్డర్‌ను తగిలించాలన్న కోరిక సహజమే. కానీ అది సరిగా పనిచేయదు. పాత ఫోల్డర్‌కూ, అందులోని ఎన్‌టీయూజర్ ఫైలు లోపలి సెట్టింగులకూ పాత సిడ్ పేరనే అనుమతులుంటాయి. వాటన్నిటినీ మార్చుకుంటూ పోతే సగం పనిచేసే ప్రొఫైల్ మిగులుతుంది.

ఇక్కడ తెలివైన పని కొత్త ప్రొఫైల్‌ను ఒప్పుకుని, పాతదాని నుంచి అవసరమైనవి కాపీ చేసుకోవడం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్‌లోని ఫైళ్లు మామూలుగానే వస్తాయి. యాప్‌డేటా మొత్తాన్నీ, ఎన్‌టీయూజర్ అని మొదలయ్యే ఫైళ్లనూ కాపీ చేయొద్దు. వాటితో పాత జబ్బు కొత్త ప్రొఫైల్‌కు అంటుకుంటుంది.

కొన్ని మాత్రం కాపీ చేసినా రావు. చాలా బ్రౌజర్లలో సేవ్ చేసిన పాస్‌వర్డులను విండోస్ పాత అకౌంట్‌కు ముడిపెట్టి తాళం వేస్తుంది. బుక్‌మార్కుల ఫైలు తెరుచుకున్నా పాస్‌వర్డులు తెరుచుకోవు. బ్రౌజర్‌లో సింక్ ఆన్ చేసి ఉంటేనే తిరిగి వస్తాయి. ఫైళ్లకు విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవారికి ఇంకా కష్టం. పాత అకౌంట్ సర్టిఫికెట్ లేకుండా అవి తెరుచుకోవు.

తెలుగులో డీటీపీ పని చేసేవారికి ఇంకో తలనొప్పి ఉంది. విండోస్ 10లోని 1809 వెర్షన్ నుంచి, ఫాంట్ మీద ‘ఇన్‌స్టాల్’ అని మాత్రమే నొక్కితే అది ఆ ఒక్క యూజర్‌కే, యాప్‌డేటా లోపల ఇన్‌స్టాల్ అవుతోంది. ప్రొఫైల్ మారగానే ఆ ఫాంట్లు కనిపించకుండా పోతాయి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, పెళ్లి పత్రికలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని అనుకోవడానికి ఇదొక కారణం. ఫైలు బాగానే ఉంటుంది, ఫాంట్ లేదంతే. ఫాంట్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకుంటే ఈ బెడద మళ్లీ రాదు.

విండోస్‌ను పాతదాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటే, సి డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. పాత యూజర్స్ ఫోల్డర్ అందులో ఉండవచ్చు. కొత్త వెర్షన్‌కు మారిన 10 రోజులకు విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. ఆలస్యం చేస్తే నష్టపోయేది ఇక్కడే.

ప్రొఫైల్ సరైనదే, డాక్యుమెంట్స్ మాత్రం ఖాళీ

ఈ సందర్భంలో ముందుగా మీ ఫోల్డర్‌లో వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్ తెరిచి, అందులో మరో డెస్క్‌టాప్, మరో డాక్యుమెంట్స్ ఉన్నాయేమో చూడండి. బ్యాకప్ ఆన్ చేసినప్పుడు వన్‌డ్రైవ్ ఈ ఫోల్డర్లను తన కిందికి మార్చుకుంటుంది. తర్వాత బ్యాకప్ ఆపితే దారి పాతచోటికి వస్తుంది గానీ, ఫైళ్లు చాలాసార్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. అందుకే బ్యాకప్ ఆపగానే డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తుంది. ఉచితంగా వచ్చే 5 జీబీ నిండిపోయిందన్న హెచ్చరిక చూసి, కంగారులో వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు డిలీట్ చేసేవారు అసలు ఫైళ్లనే చెరిపేస్తున్నారు. అది అదనపు కాపీ కాదు, ఉన్న ఒక్క కాపీ.

సరిచేసే వరుస ఇది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆపండి. తర్వాత డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘లొకేషన్’ ట్యాబ్ చూడండి. అక్కడి దారి తప్పుగా ఉంటే ‘రీస్టోర్ డీఫాల్ట్’ నొక్కండి. పాతచోటి ఫైళ్లను కొత్తచోటికి తరలించాలా అని విండోస్ అడిగితే అవునని చెప్పండి. మిగిలినవాటిని మీరే కాపీ చేసుకోండి.

ఒక్కోసారి డాక్యుమెంట్స్, పిక్చర్స్ రెండూ ఒకే ఫోల్డర్‌ను చూపించేలా పొరపాటున సెట్ అవుతాయి. అప్పుడు లొకేషన్ ట్యాబ్ మాట వినదు. రిజిస్ట్రీలో ‘హెచ్‌కీ కరెంట్ యూజర్’ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, ఎక్స్‌ప్లోరర్ దాటి ‘యూజర్ షెల్ ఫోల్డర్స్’లో దారి దిద్దాలి. అక్కడ డాక్యుమెంట్స్‌కు ‘పర్సనల్’ అనే పాత పేరే ఉంటుంది. ఇక్కడా ముందు ఎక్స్‌పోర్ట్ చేసి కాపీ ఉంచుకోవడం తప్పనిసరి.

ఫోల్డర్ పేరు నచ్చలేదని మార్చొచ్చా?

పేరు తప్పుగా పడిందనో, మధ్యలో ఖాళీ ఉండటం వల్ల కొన్ని ప్రోగ్రామింగ్ సాధనాలు మొరాయిస్తున్నాయనో ఫోల్డర్ పేరు మార్చాలనుకుంటారు. సెట్టింగ్స్‌లో పేరు మారిస్తే తెర మీది పేరే మారుతుంది, ఫోల్డర్‌ది మారదు. మరో అకౌంట్ నుంచి ఫోల్డర్ పేరు మార్చి, ప్రొఫైల్‌ఇమేజ్‌పాత్‌లోనూ దిద్దితే విండోస్ వరకు పని జరుగుతుంది. కానీ అనేక ప్రోగ్రామ్‌లు పాత దారిని పూర్తిగా తమ దగ్గర రాసి పెట్టుకుంటాయి. అవి ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. కొత్త కంప్యూటర్ అయితే సరైన పేరుతో కొత్త అకౌంట్ పెట్టుకోవడం మంచిది. ఏళ్లుగా వాడుతున్నదైతే ఆ పేరుతో సర్దుకుపోవడమే సుఖం.

తప్పు యూజర్‌దే కాదు

ఇలాంటి సమస్య వచ్చినప్పుడు ‘నువ్వే ఏదో నొక్కి ఉంటావు’ అనడం అలవాటు. 2018లో జరిగింది చూస్తే ఆ మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది. ఆ ఏడాది అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10 వెర్షన్ 1809ను విడుదల చేసింది. కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్స్, పిక్చర్స్ మాయమయ్యాయి. డాక్యుమెంట్స్ దారిని డి డ్రైవ్ లాంటి చోటికి మార్చుకుని, పాత ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు వదిలేసినవారు ఇందులో ఎక్కువగా దెబ్బతిన్నారు. దారి మార్చాక మిగిలే ఖాళీ ఫోల్డర్లను శుభ్రం చేయాలన్న ఉద్దేశంతో పెట్టిన కోడ్, ఫైళ్లున్న ఫోల్డర్లనూ తుడిచేసింది. నాలుగైదు రోజుల్లోనే కంపెనీ విడుదల ఆపేసింది. సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. ఫిర్యాదు చేసినవారి శాతం అతి స్వల్పమని అప్పట్లో చెప్పింది. ఫైళ్లు పోయినవారికి ఆ శాతంతో ఒరిగేదేమీ లేదు.

ఆ ఘటన చెప్పే సంగతి ఒకటుంది. మన ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియకపోవడం మన అజ్ఞానం ఒక్కటే కాదు. ఆ వివరాన్ని వ్యవస్థే మన కంటికి కనిపించకుండా దాస్తోంది. ‘డెస్క్‌టాప్’ అన్న ఒకే పేరు వెనుక మూడు వేర్వేరు ఫోల్డర్లు ఉండగలవని తెర మీద ఎక్కడా చెప్పదు. బ్యాకప్ పేరుతో ఫోల్డర్ స్థానమే మారుతోందని అర్థమయ్యేలా హెచ్చరించదు. లాయర్ గుమాస్తా, స్కూలు టీచర్, డీటీపీ ఆపరేటర్, రిటైరయ్యాక కుటుంబ చరిత్ర రాసుకుంటున్న పెద్దాయన, వీళ్లెవరూ రిజిస్ట్రీ తెలుసుకుని తీరాలని అడగడం న్యాయం కాదు. కానీ ఆ పరిస్థితి మారేదాకా కనీస జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

ఆ జాగ్రత్తకు పది నిమిషాలు చాలు. ఇప్పుడు కంప్యూటర్ బాగున్నప్పుడే మీ యూజర్ ఫోల్డర్ అసలు పేరు, డాక్యుమెంట్స్ లొకేషన్ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. మీది కాకుండా అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న రెండో అకౌంట్ ఒకటి సృష్టించి, పాస్‌వర్డ్ అదే కాగితం మీద రాసి భద్రంగా ఉంచండి. బిట్‌లాకర్ కీ కూడా రాయండి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఒకటి, పని కాగానే కంప్యూటర్ నుంచి తీసేసే డిస్క్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత ఏ రోజున ఖాళీ డెస్క్‌టాప్ కనిపించినా, ఫార్మాట్ అన్న మాట వినిపించకముందే ఎక్కడ వెతకాలో మీకు తెలిసి ఉంటుంది.